మనది పైనే ఉంది

నాకు పాములంటే భయం. పేరు వింటేనే కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని కూర్చునేంత భయం. "అవి మనల్ని ఏం చేస్తాయి పాపం, అవే మనల్ని చూసి భయపడతాయి" అనే మహానుభావులు ఎవరైనా ఉంటే దయచేసి ఆ మాట నా ముందు అనకండి. మా మరిది చెప్పీ చెప్పీ నా చెవులు చిల్లులు పడ్డాయి. వాడి మాట నమ్మిన ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

తొంభైల మొదట్లో, మద్రాసు ఇంకా చెన్నై కాకముందు, మేం వాషర్‌మెన్‌పేట్ ఇల్లు వదిలి మాధవరం వెళ్ళాం. మా అత్తగారివాళ్ళు తాతల కాలం నుంచి మద్రాసువాళ్ళే. వాళ్ళ పప్పుల మండీ, అంటే టోకు కొట్టు, పాతచోటనే ఉండిపోయింది. మా ఆయన రోజూ బస్సులో పోయి వచ్చేవాడు. ఆ రోజుల్లో మాధవరంలో పాల కాలనీ దాటి లోపలికొస్తే ఇళ్ళకంటే ఖాళీ స్థలాలే ఎక్కువ. సీమతుమ్మ, మోకాలెత్తు గడ్డి, వానొస్తే ఎక్కడ చూసినా నీళ్ళు. నేను కోడంబాక్కంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న స్టూడియోల్లో బట్టలు కుట్టేవాడు. మా ఇరుకు వీధిలో నేను చూసిన పెద్ద జంతువు ఆవు. అలాంటిదాన్ని తెచ్చి ఈ అడవిలో పడేశారు కదా అని మా ఆయనతో రోజూ తగువు పెట్టుకునేదాన్ని.

మిద్దె మీద ఒక గది వేయాలని లారీతో ఇసుక దింపించారు. ఆ ఇసుకలోంచి వచ్చింది అది. పొట్టిగా, లావుగా ఉంది. వీపు పొడుగునా ముదురు గోధుమరంగు మచ్చలు. ఆ మచ్చలు చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నప్పుడు సెలవులకు గూడూరు దగ్గర మా అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు, వేరుశెనగ చేలో ఒకామెను అలాంటి మచ్చలున్నదే కరిచింది. ఆమెను మంచం మీద మోసుకుపోతుంటే వాకిట్లో నిలబడి చూశాను. ముక్కులోంచి, నోట్లోంచి నెత్తురు. "పొడపాము" అని మా అమ్మమ్మ నన్ను లోపలికి లాగేసింది. ఆమె తిరిగి రాలేదు.

"అది పొడపాము. కొట్టి చంపండి" అని గుమ్మంలోంచి అరిచాను.

కూలీల్లో ఒకాయన అది విరియన్ అన్నాడు. తమిళంలో విరియన్ అంటే విషప్పామే. ఇంకొకాయన కాదు, కొండచిలువ పిల్ల అన్నాడు. మా మరిది అప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు. వాడు అడ్డంపడి, పారలు దింపించి, దాన్ని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"వదినా, ఇది మణ్ణులి. ఇసకలో దూరుకోని ఉండేది. విషం లేదు దీనికి. చూసినావా, ఒక్కదాన్ని చూసి ఎంతమంది ఎన్ని పేర్లు చెప్తాండారో. ఇంగ్లీషులో అయితే ఇంకా అన్యాయం, విషం ఉండేదానికీ లేనిదానికీ ఒకే దొర పేరు తగిలించినారు. అందుకే శాస్త్రం పేరు కావాల. ఎరిక్స్ కోనికస్. ఏ దేశం పోయినా ఇదే పేరు."

"ఏ దేశమైనా పో, దాన్ని మాత్రం బయట పారేసి రా" అన్నాను. వాడు వింటేనా. చేపల తొట్టి కొనుక్కొచ్చి, అందులో సగం దాకా ఇసుక పోసి, జల్లెడలాంటి మూత వేసి, మూత మీద ఇటుక పెట్టి, పైన కట్టిన కొత్త గదిలో దానికి కాపురం పెట్టాడు. ఆ గది మా ఆయనకూ నాకూ కట్టిందని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

మా అత్తగారింట్లో పాము అనే మాట నోటితో అనరు. పిలిస్తే వస్తుందని వాళ్ళ నమ్మకం. తెలుగులో పురుగు అంటారు, తమిళంలో పూచ్చి అంటారు. ఇంట్లో పెరిగేదాన్ని పురుగు అనడానికి మా అత్తగారికి మనసు రాలేదు. ఎరిక్స్ అనడానికి నోరు తిరగలేదు. అందుకని ఆమె దాన్ని "మనది" అనడం మొదలుపెట్టింది. "మనది ఎలకను తినిందా?" "మనదానికి నీళ్ళు పెట్టినావా అబ్బయా?" నెల తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ అదే పేరు అయిపోయింది. నేను మాత్రం అనలేదు. నాకది ఏ రోజూ మనది కాలేదు.

ఆ గది గడప నేను తొక్కలేదు. బట్టలారేయడానికి మిద్దెకు పోవాల్సి వస్తే గోడవారగా పోయి, గోడవారగా వచ్చేదాన్ని. అది చాలా రోజులు ఎవరికీ కనబడేదే కాదు, ఇసుకలో దూరి పడుకునేది. ఒకసారి మా మరిది వేలు కరిచింది. వాడు చెయ్యి సబ్బుతో కడుక్కుని క్రికెట్ ఆడుకోవడానికి పోయాడు. దాంతో ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చేసింది. మనది కరిస్తే చీమ కుట్టినట్టే అని వచ్చినవాళ్ళకు కూడా చెప్పుకునేవాళ్ళు. నేను మాత్రం పక్క దులపకుండా పడుకునేదాన్ని కాదు. అన్నట్టు, అప్పుడు నాకు ఐదో నెల.

ఆ ఏడు కార్తీకంలో వానలు పట్టుకుంటే వదల్లేదు. మా మరిది కాలేజీవాళ్ళతో కొండల్లోకి టూరు పోతూ తొట్టి బాధ్యత వాళ్ళ అన్నకు అప్పగించాడు. రోజూ నీళ్ళు మార్చడం, మూత మీద ఇటుక పెట్టడం, అంతే పని. ఆదివారం మండీ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను వంటింట్లో ఉన్నాను. వెనక వసారాలో బియ్యం బస్తా జరుపుతున్న మా అత్తగారు, పిల్లి పాలు తాగిపోయిందని చెప్పినంత నిదానంగా చెప్పింది.

"అబ్బయా, మనది కిందికొచ్చేసిందే."

తొంగి చూశాను. బస్తా పక్కన, తూముకు దగ్గరగా, చుట్టలు చుట్టుకుని ఉంది. వీపు మీద ఆ మచ్చలే. నేను పీట మీదికి ఎక్కేశాను. అది బుస కొడుతోంది. కుక్కర్లోంచి ఆవిరి పోతున్నట్టు, ఆపకుండా.

"మనది ఇట్లా బుస కొట్టదు కదండీ" అన్నాను, పిలుపు విని వచ్చిన మా ఆయనతో. నా నోట మనది అనే మాట వచ్చింది అప్పుడే మొదటిసారి.

"వానకు బెదిరిపోయుంటాది పాపం. పొద్దున నీళ్ళు మార్చినా, ఇటిక పెట్టినానో లేదో" అంటూ మా ఆయన పైకి పరిగెత్తాడు. వెంటనే దిగి వచ్చాడు. "అవును, తొట్టి ఖాళీ. మూత పక్కకు జరిగుండాది. తప్పు నాదే."

"చేత్తో ముట్టుకోవద్దండీ. గోనెసంచి వెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"సుమ్మా ఉండవే, ఊరికే బెదురుకుంటావు. చిన్నోడు రోజూ పట్టుకునేది ఇదే కదా" అని వంగాడు.

కరవడం నాకు కనబడలేదు. ఆయన చెయ్యి వెనక్కి రావడం కనబడింది. అది తూములోంచి జారి వానలోకి పోయింది. ఆయన చూపుడువేలు చూసుకుని, అమ్మ కొట్టిందని చెప్పుకునే పిల్లాడిలా కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు.

"కరిచేసిందే. తమ్ముడొస్తే ఏం చెప్పేది ఇప్పుడు, పోయిందే అది" అన్నాడు. గొడుగు తీసుకుని వెనక వాకిట్లోకి పోయాడు. వానలో వంగి వంగి, తూము వెంబడి, గోడ వెంబడి, ఆ దయ్యాన్ని వెతుకుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి రమ్మని అరుస్తున్నాను. రాడు. తమ్ముడి ముచ్చట పోగొట్టానని ఆయన దిగులు. ఆయన ఎక్కడ పోతాడోనని నా దిగులు.

లోపలికొచ్చేసరికి వేలు బొటనవేలంత లావైంది. మా అత్తగారు పసుపు అద్ది గుడ్డ కట్టింది. గుడ్డ నెత్తురుతో తడిసింది. మార్చి కట్టింది. అదీ తడిసింది.

"మంటగా ఉందా?" అన్నాను.

"మంటే. నిప్పులో పెట్టినట్టుండాది. నా ఒంటికి పడలేదేమో. రవంతసేపు పడుకుంటా."

"ఆస్పత్రికి పోదాం లేవండి."

"మనది కరిస్తే ఆస్పత్రికేందే? చిన్నోడు ఏమైనా పోయినాడా?"

మా అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె చెడ్డది కాదు. "నీకు అన్నిటికీ భయమే కదమ్మా. కడుపుతో ఉండావు, ఇట్ల అదురుకుంటే ఎట్ల? వాన తగ్గినాక చూస్తాం" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె అన్నది నిజమే. నేను బల్లి పడితే అరుస్తాను, కరెంటు పోతే అరుస్తాను. ఆ ఇంట్లో నా భయమంటే అందరికీ నవ్వులాట. పక్కింటివాళ్ళు కూడా కథలు చెప్పుకునేవాళ్ళు. ఈరోజు ఈ మనిషి చచ్చిపోతాడేమోనని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా, అదీ ఆ భయాల్లో ఒకటే. మంచం మీద ఆయన చెయ్యి మణికట్టు దాకా వాచింది. నాకు గూడూరు మంచం కనబడుతోంది.

అప్పుడు తట్టింది. తొట్టి ఖాళీ అన్నాడు. అది ఏ రోజు పైకి కనబడింది గనక? రోజుల తరబడి ఇసుకలోనే కదా ఉండేది. ఆయన పైకి పోయి చూసింది ఇసుకను. లోపల చూడలేదు.

మెట్లెక్కాను. వాన మెట్ల మీదికి కొడుతోంది. గది తలుపు తీస్తే తడిసిన మట్టి వాసన. మూత పక్కకు జరిగి ఉంది, ఇటుక నేల మీద ఉంది. అద్దంలోంచి చూస్తే ఇసుక నున్నగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉంది. మూలనున్న చీపురు తిరగేసి దాని కట్టతో కదిపాను. ఇసుక జరిగి మళ్ళీ మూసుకుపోయింది. అడుగున ఏం ఉందో దాంతో తెలియదు. కిందికి పోయి గరిటె తేవచ్చు. అంతసేపు కింద ఆయన చెయ్యి వాస్తూనే ఉంటుంది.

దేవుడా, లోపల ఏమీ ఉండకూడదు అనుకున్నాను. అది పారిపోయి ఉండాలి. ఆయన్ని కరిచింది అదే అయి ఉండాలి. ఈ ఇంట్లోకి వచ్చిననాటి నుంచి పోతే బాగుండునని నేను మొక్కుకున్నది, ఈ ఒక్కరోజు నిజంగానే పోయి ఉండాలి. కళ్ళు మూసుకుని చెయ్యి ఇసుకలో పెట్టాను.

పైన చల్లగా ఉంది, లోపల ఇంకా చల్లగా. ఒక మూల ఏమీ లేదు. రెండో మూలా ఏమీ లేదు. నాకు ఊపిరి కొంచెం ఆడింది. మధ్యలోకి జరిపితే వేళ్ళ కింద ఇసుక కానిది తగిలింది. గట్టిగా, గరుగ్గా ఉంది. తర్వాత అది కదిలింది. నా అరచేతి కింద మెల్లగా, నిద్రలో పక్కకు తిరిగినట్టు తిరిగింది.

నేను అరవలేదు. చెయ్యి బయటికి తీశాను, మూత సరిగ్గా పెట్టాను, ఇటుక ఎత్తి మూత మీద పెట్టాను. అవన్నీ చేసినట్టు గుర్తుంది. కిందికి దిగి మంచం దగ్గర నిలబడ్డాను. మోచేతి దాకా ఇసుక.

"మనది పైనే ఉంది" అన్నాను.

ఇద్దరూ నా చెయ్యి చూశారు. నేను ఆ తొట్టిలో చెయ్యి పెట్టానంటే ఇక దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మా అత్తగారు నోరు తెరిచి, "అయితే అది..." అని ఆగిపోయింది. మా ఆయన లేచి కూర్చుని, నోరు అదోలా ఉందంటూ వసారాలో ఉమ్మేశాడు. ఎర్రగా పడింది.

"వక్కాకు" అంది మా అత్తగారు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు. భోజనాలయ్యాక ఆమె కడిగి పెట్టిన తమలపాకులు పళ్ళెంలో అట్లాగే ఉన్నాయి. ఆ రోజు ఆయన వక్కాకు వేసుకోలేదు.

తర్వాత ఆమె నాకంటే ముందు వీధిలోకి పరిగెత్తింది. నీళ్ళలో పడుతూ లేస్తూ బస్సులు ఆగేచోటి దాకా పోయి ఆటో పట్టుకొచ్చింది. దారంతా ఆయన తల నా భుజం మీదే ఉంది. చిగుళ్ళలోంచి నెత్తురు నా చీర మీద పడుతోంది. మాట్లాడించాను. మండీ సంగతులు అడిగాను, తగువు పెట్టుకున్నాను, గది ఎప్పుడు ఖాళీ చేయిస్తారని అడిగాను. కొన్నిటికి బదులిచ్చాడు. రోడ్డు మీద నీళ్ళలో ఆటో నిలిచిపోయినప్పుడల్లా నా గుండె కూడా నిలిచిపోయేది.

ఆస్పత్రిలో నర్సు ఏమైందని అడిగితే మా అత్తగారు అలవాటు కొద్దీ "పూచ్చి కడిచ్చిడిచ్చు" అంది, పురుగు కరిచిందని. ఏ పూచ్చి అని నర్సు అడిగింది. ఆమె పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. అరవై ఏళ్ళ నోరు, ఆ మాట ఎప్పుడూ అనలేదు. కొడుకు వంక చూసింది.

"పాము" అంది తెలుగులో. మళ్ళీ తమిళంలో, "పాంబు. నిజమైన పాంబు" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

డాక్టరు చిన్న వయసు మనిషి. ఏ పాము అని అడిగాడు. పొడపాము అన్నాను. ఆయనకు ఆ పేరు తెలియదు. వీపు మీద మచ్చలు, గొలుసులా, అని నా చీర అంచు మీద వేలితో గీసి చూపించాను.

"విషముండే కణ్ణాడి విరియన్ అట్లాగే ఉంటుంది. మణ్ణులి కూడా అట్లాగే ఉంటుంది" అన్నాడు తమిళంలో. "మణ్ణులి కరిచి ఏడుస్తూ వచ్చేవాళ్ళు చాలామంది. మీరు సరిగ్గా చూశారా?"

"మణ్ణులి మా ఇంట్లో తొట్టిలో ఉంది. చేత్తో పట్టి చూసి వచ్చాను" అన్నాను.

ఆయన నా చేతికున్న ఇసుక చూశాడు. నర్సును పిలిచాడు. నెత్తురు తీసి గాజు గొట్టంలో పోసి పక్కన పెట్టారు. కాసేపాగి వంచి చూస్తే గడ్డకట్టలేదు, నీళ్ళలా అంచుకు జారింది. విషం ఎక్కిందనడానికి అదే గుర్తన్నాడు డాక్టరు. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మందు పడక ఒళ్ళంతా దద్దుర్లొచ్చి వణికాడు. దానికి ఇంకో మందు. తర్వాత మూత్రం రాదేమోనని డాక్టర్ల భయం. ప్రతిసారీ సీసా వంక చూసేదాన్ని. ఒకరోజు అది మామూలు రంగులో కనబడితే, సిగ్గు విడిచి వార్డులో అందరికీ చెప్పాను.

బతికాడు. చూపుడువేలు మాత్రం వంకరగా ఉండిపోయింది.

మా మరిది టూరు నుంచి నేరుగా ఆస్పత్రికొచ్చాడు. అన్న మంచం పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, దానికీ దీనికీ శాస్త్రం పేర్లు వేరు వదినా, తోక చూస్తే తెలిసిపోయేది, దానికి సన్నం, దీనికి మొద్దు, అన్నాడు. "నీ తోకలు తగలెయ్య. మీ అన్న పాములో ఏ వైపు చూశాడని అనుకుంటున్నావు?" అన్నాను. ఇప్పుడు వాడు కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఈ మధ్య వచ్చి, ఆ కరిచినదాని శాస్త్రం పేరు కూడా మార్చేశారు వదినా అన్నాడు. అంత చదువులు చదివి ఒక పేరు మీద నిలబడలేరా మీరు అని అడిగాను. నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక అందరూ తొట్టి ఖాళీ చేద్దామన్నారు. మా మరిది కూడా సరేనన్నాడు. నేను వద్దన్నాను. ఆయన్ను ఇంట్లో పడుకోబెట్టి, ప్రతి ఉదయం పైకి పోయి, మూత తీసి, ఇసుకలో చెయ్యి పెట్టి, అది తగిలాక కిందికొచ్చేదాన్ని. ఒక్కరోజు కూడా మానలేదు. ప్రతిరోజూ ఒళ్ళు జలదరించేది, తర్వాత చెయ్యి సబ్బుతో రుద్ది రుద్ది కడిగేదాన్ని. మా వదిన పాముల్ని చేత్తో పట్టేస్తోందని మా మరిది స్నేహితులకు గొప్పగా చెప్పాడు. నాకు ధైర్యం వచ్చిందని అందరూ సంతోషించారు. ధైర్యం నా బొంద. అది అక్కడుందని తెలిస్తే, కింద కనబడేది ఏదైనా అది కాదని తెలుస్తుంది. అందుకే పోయేదాన్ని.

పాప పుట్టి, పాకడం మొదలుపెట్టాక, మా మరిది ఒక సాయంత్రం దాన్ని సంచిలో వేసుకుని చెరువు అవతలి తుమ్మల్లో వదిలేసి వచ్చాడు. మా అత్తగారు పాపను ఎత్తుకుని వసారాలో నిలబడి ఉంది.

"మనది పోయిందమ్మా. ఇంక నీకు భయం లేదు" అంది.

"ఇప్పుడే భయం అత్తా" అన్నాను. "ఇంక ఈ ఇంట్లోకి ఏదొచ్చినా మనది కాదు."

ఆమె పాపను నా చేతికిచ్చి పైకి పోయింది. వెనక తూముకు అప్పటికే ఇనప జాలీ కొట్టించి ఉంది. అయినా తొట్టి మీది ఇటుక తెచ్చి దానికి అడ్డం పెట్టింది.